కరివేపాకు, కొత్తిమీర, పుదీనా: పెంచే తీరును బట్టే వాసన, గుణం

కన్నడంలో కరిబేవు, తమిళంలో కరివేప్పిలై, మరాఠీలో కడీపత్తా, ఒడియాలో భృసంగ పత్ర. మన తెలుగువాళ్లు ఏ రాష్ట్రంలో స్థిరపడినా, సంతలో ఏ పేరుతో అడిగి కొన్నా, ఇంటికొచ్చాక పోపులో పడేది కరివేపాకే. ఈ ఉగాదికి హోసూరులోని మా సంఘం తరఫున సభ్యుల ఇళ్లకు కరివేపాకు పిలకలు పంచాలని నిర్ణయించాం. ఆ మాట చెప్పగానే సభ్యులు రెండు ప్రశ్నలు వేశారు. ఒకటి, "కుండీలో పెంచితే చెట్టు పచ్చగానే ఉంటుంది, ఆకుకు వాసన ఎందుకు రాదు?" రెండోది, "చక్కెర జబ్బుకు రోజూ ఎన్ని ఆకులు నమలాలి?"

రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. ఆకులో ఏముంటుందో చెట్టు పేరు ఒక్కటే నిర్ణయించదు. అది పెరిగిన చోటు, అందిన ఎండ, పోసిన నీరు, వేసిన ఎరువు, కోసిన వేళ అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. తెలిసినంతవరకు వివరాలను ఒక చోట చేర్చి, సభ్యులకు, ఇతర రాష్ట్రాల్లోని మనవాళ్లకు పనికొస్తాయని ఇక్కడ ఇస్తున్నాం.

వాసన ఎక్కడిది?

కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన చెట్టు. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. వాసన నూనె ఆకు లోపల ఈ గ్రంథుల్లో ఉంటుంది కాబట్టి ఆకును నలిపినప్పుడో, నూనెలో వేసినప్పుడో గుప్పుమంటుంది. పుదీనా, తులసి మరో కుటుంబం. వాటి గ్రంథులు ఆకు పైభాగాన, నూగుతో పాటు ఉంటాయి. అందుకే చేయి తగిలితే చాలు, వాసన వస్తుంది. కొత్తిమీరలో నూనె సన్నని నాళాల్లో ఉంటుంది.

మొక్క ఈ పదార్థాలను మన కూర కోసం తయారుచేసుకోదు. పురుగును దూరంగా ఉంచడానికి, తెగుళ్లను ఎదుర్కోవడానికి, తీవ్రమైన ఎండ నుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకుంటుంది. వాసన నూనెలతో పాటు ఫినాల్ జాతి పదార్థాలు, కరివేపాకులోని మహానింబిన్ వంటి ఆల్కలాయిడ్లు కూడా చాలావరకు ఈ కోవలోవే. విటమిన్ 'సి', కెరోటిన్ మాత్రం మొక్క రోజువారీ బతుకుకు, ముఖ్యంగా ఎండను వాడుకునే పనికి అవసరమైనవి. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే కింద చెప్పే విషయాలు సులువుగా అర్థమవుతాయి. ఏపుగా, పెద్ద ఆకులతో నవనవలాడే మొక్కలో ఆకు ఎక్కువ ఉంటుంది. ప్రతి ఆకులోనూ గుణం ఎక్కువ ఉంటుందని చెప్పలేం.

ఎండ

అన్నిటికంటే ముందు లెక్కలోకి వచ్చేది ఎండ. నీడలో పెరిగిన ఆకు వెడల్పుగా, పలుచగా ఉంటుంది. ఎండలో పెరిగినది చిన్నగా, మందంగా ఉంటుంది. విటమిన్ 'సి' ఎండ తగిలిన ఆకులో ఎక్కువ. నీడలో పెరిగిన ఆకుకూరల్లో నైట్రేట్లు పేరుకుంటాయి, ఎందుకంటే వాటిని మాంసకృత్తులుగా మార్చుకోవడానికి మొక్కకు వెలుతురు కావాలి.

అద్దాల కిటికీ వెనుక కుండీ పెట్టేవారు ఒక సంగతి గమనించాలి. సబ్జా గింజలనిచ్చే రుద్రజడ మొక్క మీద జరిగిన ప్రయోగాల్లో, సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాల్లో 'బి' భాగం అందకపోతే నూనె గ్రంథులు సరిగా నిండవని తేలింది. మామూలు కిటికీ అద్దం ఆ భాగాన్ని చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి అద్దం వెనుక వెలుతురు బాగానే ఉన్నట్టు కనిపించినా, తులసి, పుదీనా వంటివాటికి ఆరుబయటి ఎండతో అది సమానం కాదు. బాల్కనీ కటకటాల దగ్గర, నేరుగా ఎండ పడే చోట పెట్టడమే మేలు.

కరివేపాకుకు రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. పుదీనా కొంత నీడను ఓర్చుకుంటుంది. బళ్లారి, సోలాపూర్ వంటి చోట్ల ఏప్రిల్, మే ఎండకు కొత్తిమీర నిలవదు. అక్కడ మధ్యాహ్నం పూట పలుచని నీడ వల కట్టవచ్చు.

నీరు

నీరు కాస్త తగ్గితే చాలా సుగంధ మొక్కల్లో నూనె శాతం పెరుగుతుంది. ఇది ప్రయోగాల్లో పదేపదే కనిపించిన విషయమే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. నీటి ఎద్దడిలో మొక్క ఎదుగుదల కూడా తగ్గుతుంది. ఆకుకు శాతం పెరిగినా మొత్తం ఆకు తగ్గితే ఇంటికి లాభం లేదు. ఎద్దడి మరీ ఎక్కువైతే ఆకు ముదిరి రాలిపోతుంది, కొత్తిమీర తొందరపడి పూతకు పోతుంది.

కాబట్టి మొక్కను ఎండబెట్టమని కాదు మేము చెప్పేది. కుండీలో మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉండేలా పోయవద్దు. కరివేపాకు కుండీలో వేలు పెట్టి చూసి, పై రెండంగుళాల మట్టి పొడిబారాక నిండుగా పోయాలి. పుదీనాకు తేమ కొంచెం ఎక్కువ కావాలి, నీరు మాత్రం నిలవకూడదు.

ఎరువు, నేల

యూరియా వేస్తే వారం పది రోజుల్లో చిగుళ్లు తన్నుకొస్తాయి. అమ్ముకునేవారికి తూకం కావాలి కాబట్టి వాళ్లు వేయడంలో ఆశ్చర్యం లేదు. నత్రజని ఎక్కువైతే మొక్క తన శక్తిని ఎదుగుదల మీద పెడుతుంది, ఫినాల్ పదార్థాలు తగ్గుతాయి. రుద్రజడ మీద జరిగిన ప్రయోగాల్లో నత్రజని తగ్గించినప్పుడు ఇవి పెరిగినట్టు నమోదైంది. అదే సమయంలో నత్రజని బొత్తిగా లేకపోతే ఆకు పాలిపోతుంది, పచ్చదనంతో పాటు కెరోటిన్ కూడా తగ్గుతుంది. అంటే నత్రజని శత్రువు కాదు, మోతాదు ముఖ్యం. ఇంట్లో పెంచేవారికి బాగా మగ్గిన పశువుల ఎరువు గాని, వర్మీకంపోస్టు గాని సరిపోతుంది. దానిలోంచి నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది.

నేల కూడా ఊరిని బట్టి మారుతుంది. సోలాపూర్ వైపు నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ, నేల క్షార గుణం కలిగి ఉంటుంది. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము అందని గుర్తు. పుల్ల మజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. దాని పులుపు నేలలోని క్షారాన్ని కాస్త తగ్గిస్తుంది గాని ఆ ఫలితం ఎక్కువ కాలం ఉండదు. కుండీ మట్టిలో మూడో వంతు కంపోస్టు కలపడం అంతకంటే నమ్మకమైన పని. యానాం వంటి తీర ప్రాంతాల్లో బోరు నీటిలో ఉప్పు ఉంటే ఆకు కొసలు మాడతాయి. వాన నీరు పట్టి పోయగలిగితే మంచిది.

రకం, వాతావరణం

పుదీనాను కొమ్మ నాటి పెంచుతాం. కాబట్టి ఒక మొక్క నుంచి పది ఇళ్లకు కొమ్మలు పంచితే పదీ ఒకే మొక్క కింద లెక్క. రకంలో తేడా ఉండదు. అయినా ఆరు నెలల తర్వాత ఆ పది ఇళ్ల పుదీనా పక్కపక్కన పెట్టి నలిపి చూస్తే వాసన ఒకేలా ఉండదు. ఆ తేడా అంతా ఎండది, నీటిది, మట్టిది, కోసిన వేళది. పిల్లలున్న ఇళ్లలో దీన్ని ఒక పరీక్షగా చేసి చూపించవచ్చు.

కరివేపాకు సంగతి అలా కాదు. విత్తనం మొక్కలు తల్లి చెట్టుకు భిన్నంగా రావచ్చు. వేరు నుంచి లేచిన పిలక మాత్రం తల్లి గుణాన్నే తెస్తుంది. వాసన బాగున్న చెట్టు దగ్గర నుంచి పిలక తెచ్చుకోవాలని పెద్దలు చెప్పింది ఇందుకే. మేము పంచబోయేవి కూడా పిలకలే.

ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ధార్వాడ–1, ధార్వాడ–2 అనే రెండు రకాలను విడుదల చేసింది. మొదటిదానిలో నూనె పాలు ఎక్కువ, కానీ చలికి తట్టుకోదు. రెండోదానిలో నూనె కొంత తక్కువ, చలికాలంలోనూ చిగురిస్తుంది. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం, కారమడై ప్రాంతాల్లో ఎర్రటి ఈనె గల 'సెంకాంబు' రకానికి పేరుంది. మన గుంటూరు వైపు మంగళగిరి దగ్గరి పెదవడ్లపూడి కరివేపాకు తోటలకు ప్రసిద్ధి.

కరివేపాకుకు 26 నుంచి 37 డిగ్రీల వేడి అనుకూలం. వేడి 16 డిగ్రీలకు దిగువకు పోతే చిగుళ్లు నిద్రపోతాయి. హోసూరు, బెంగళూరు వంటి ఎత్తు ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇలాంటి చలి ఉంటుంది. ఆ రోజుల్లో చెట్టు ఆగిపోయిందని ఎరువు, నీరు పెంచకూడదు. వేళ్లు కుళ్లుతాయి. ఫిబ్రవరిలో దానంతట అదే చిగురిస్తుంది. బరంపురం, యానాంలలో ఈ చలి ఇబ్బంది అంతగా ఉండదు, వానాకాలపు తేమకు ఆకుమచ్చ తెగులు రావచ్చు. కొమ్మలు గుబురుగా అల్లుకోకుండా కత్తిరిస్తూ గాలి ఆడేట్టు ఉంచాలి.

కోసే దశ, కోసే వేళ

కొత్తిమీర దీనికి మంచి ఉదాహరణ. ఆకు వాసన ఆల్డిహైడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. పచ్చి ధనియాలను నలిపితే వచ్చేదీ దాదాపు ఆ వాసనే. గింజ పండి ఎండేకొద్దీ అవి తగ్గి, లినలూల్ అనే మరో పదార్థం ముందుకొస్తుంది. ఒకే మొక్క, ఒకే నేల, అయినా దశ మారితే పదార్థమే మారిపోతుంది. కాబట్టి కొత్తిమీరను పూకాడ రాకముందే కోయాలి. వేడి పెరిగినా, పగటి పొద్దు పెరిగినా త్వరగా పూతకు పోతుంది. శీతకాలపు కొత్తిమీర కమ్మగా, నిండుగా ఉండడానికి కారణం ఇదే.

పుదీనాలో మొగ్గ తొడిగే సమయానికి నూనె నిండుగా ఉంటుంది. కరివేపాకులో మరీ లేత చిగురు గాని, పసుపు తిరిగిన ముదురాకు గాని కాక, పూర్తిగా విచ్చుకున్న ముదురు పచ్చ ఆకు తీసుకోవాలి. ఆకులను ఒక్కొక్కటిగా గిల్లడం కంటే రెమ్మ చివర తుంచడం మంచిది. పక్క కొమ్మలు వస్తాయి.

వేళ విషయానికి వస్తే, మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరకముందు కోయడం మేలు. మిట్టమధ్యాహ్నం వాసన నూనె ఆవిరైపోతుంది, ఆకు వాడుతుంది. నైట్రేట్లు పగలంతా ఎండ తిన్న ఆకులో తగ్గుతాయి కాబట్టి, ఉదయం వీలుకాకపోతే చీకటితో కాకుండా సాయంత్రం కోసుకోవచ్చు.

వంటింటికి చేరాక

విటమిన్ 'సి' వేడికి, గాలికి, ఎండబెట్టడానికి పోతుంది. కొత్తిమీరను దించబోయే ముందు చల్లడం వాసనకూ మంచిదే, దీనికీ మంచిదే. కరివేపాకు ఎక్కువగా ఉంటే నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. నీడలో ఆరినా విటమిన్ 'సి' చాలావరకు పోతుంది, కాల్షియం వంటి ఖనిజాలు మాత్రం ఎక్కడికీ పోవు.

కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. నూనెలో పోపు వేయడం ఆ విధంగా ఉపయోగమే. అయితే పోపులో కరివేపాకును ఏరి పళ్లెం పక్కన పెట్టేస్తే ఆకులోని ఖనిజాలు, పీచు పళ్లెం పక్కనే ఉండిపోతాయి. పిల్లలు తినాలంటే కరివేపాకు పొడి గాని, పచ్చడి గాని చేసి పెట్టడం దారి. ఇనుము ఆకుల నుంచి తక్కువగానే ఒంటికి పడుతుంది. నిమ్మరసం వంటి పులుపు తోడైతే కొంత మెరుగు.

పుస్తకంలోని అంకెలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు మారింది. ఆ సంస్థ పాత పుస్తకంలో 100 గ్రాముల కరివేపాకుకు కాల్షియం 830 మిల్లీగ్రాములని ఉండేది. 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో అది సుమారు 659 మిల్లీగ్రాములు. కొత్త పట్టికల కోసం దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, 528 ఆహార పదార్థాల నమూనాలు సేకరించారు. ఒకే ఆకు ప్రాంతాన్ని బట్టి మారుతుందని తెలిసే అలా చేశారు. పట్టికలోని అంకె సగటు మాత్రమే. మీ కుండీలోని ఆకుకు అది కచ్చితంగా వర్తిస్తుందని ఎవరూ చెప్పలేరు.

పైగా ఆ అంకె 100 గ్రాములకు. పోపులో మనం వేసేది రెండు మూడు గ్రాములు. ఫోనుల్లో తిరిగే సందేశాలు ఈ మాట ఎప్పుడూ చెప్పవు.

మాత్రల బదులు కాదు

ఇప్పుడు సభ్యుల రెండో ప్రశ్న. మా సంఘంలో ఒకరిద్దరు పెద్దలు చక్కెర మాత్రలు మానేసి, పరగడుపున గుప్పెడు కరివేపాకు నమలడం మొదలుపెట్టారు. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

కరివేపాకు ఆల్కలాయిడ్లు చక్కెరను తగ్గిస్తాయని చెప్పే ప్రయోగాలు ఎక్కువగా ఎలుకల మీద, వేరుచేసి తీసిన సారంతో జరిగినవి. మనుషుల్లో మాత్రల స్థానంలో వాడేంత గట్టి రుజువు లేదు. ఒకవేళ గుణం ఉందనే అనుకున్నా, ఇంతవరకు చెప్పినదంతా ఒకసారి గుర్తుచేసుకోండి. ఎండలో పెరిగిన ఆకు వేరు, నీడలోది వేరు. పిలక చెట్టు వేరు, విత్తనం చెట్టు వేరు. మాత్ర మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, ఏ ఊళ్లో కొన్నా అంతే ఉంటుంది. ఆకు మీద అలా రాసి ఉండదు. ఈ రోజు పది ఆకుల్లో ఉన్నది రేపు సంతలో కొన్న పది ఆకుల్లో ఉండకపోవచ్చు. అందుకే "రోజూ ఎన్ని ఆకులు?" అన్న ప్రశ్నకు మా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా నికరమైన జవాబు ఉండదు. చక్కెర కంటికి కనిపించకుండా పెరిగి కళ్లను, మూత్రపిండాలను, పాదాలను దెబ్బతీస్తుంది. కరివేపాకు తినండి, మాత్ర కూడా వేసుకోండి. మార్పు ఏదైనా వైద్యుణ్ణి అడిగి చేయండి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయకూడదు. వాటిలోని విటమిన్ 'కె' ఆ మందు పనిని మారుస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవారు పచ్చి ఆకుల రసాలు మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి అడగాలి.

కొన్న ఆకు, పెంచిన ఆకు

కరివేపాకు తోటలకు పురుగు బెడద ఎక్కువ. నిమ్మ జాతి చెట్ల మీద వాలే రసం పీల్చే పురుగులు, సీతాకోకచిలుక గొంగళ్లు దీని మీదా వాలతాయి. కోతలు తరచుగా ఉండడంతో, మందు కొట్టడానికీ కోయడానికీ మధ్య ఉండవలసిన గడువు తోటల్లో పాటించడం కష్టమవుతుంది. ఐరోపా సమాఖ్య 2014లో భారతదేశం నుంచి వచ్చే కరివేపాకు, బెండకాయల మీద ప్రత్యేక షరతులు పెట్టింది. పురుగుమందుల అవశేషాల పరీక్ష ఫలితం, ధ్రువపత్రం లేనిదే సరుకు లోపలికి రానివ్వమంది. మన వీధిలో కట్ట కొనేటప్పుడు అలాంటి కాగితం ఎవరూ చూపించరు.

కొన్న ఆకును చింతపండు కలిపిన నీటిలో గాని, కొద్దిగా వెనిగర్ కలిపిన నీటిలో గాని పదిపదిహేను నిమిషాలు నానబెట్టి, మంచినీటితో రెండుసార్లు కడగాలి. పైన అంటిన మందు కొంతవరకు పోతుంది. మొక్క లోపలికి ఇంకిన మందు కడిగితే పోదు. ఇంటి మొక్కకు ఉన్న పెద్ద ప్రయోజనం ఇదే. దాని వాసన కాస్త తక్కువైనా, దాని మీద ఏం చల్లారో మనకు తెలుసు.

పిలక తీసుకునేవారికి సూచనలు

1. కుండీ కనీసం 15 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉండాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి.

2. మట్టి, ఇసుక, కంపోస్టు సమపాళ్లలో కలపాలి.

3. నేరుగా ఎండ పడే చోట పెట్టాలి. అద్దం వెనుక వద్దు.

4. మొదటి సంవత్సరం ఆకు కోయడం తగ్గించి, చెట్టు నిలదొక్కుకోనివ్వాలి.

5. రెండు నెలలకొకసారి రెండు గుప్పెళ్ల కంపోస్టు చాలు. చలికాలంలో వేయవద్దు.

6. గొంగళి పురుగులు కనిపిస్తే చేత్తో ఏరివేయాలి. రసం పీల్చే పురుగులకు లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లాలి. చల్లాక కొన్ని రోజులు ఆ ఆకు కోయవద్దు.

7. పూత, కాయలు వస్తే తుంచేయాలి. చెట్టు బలం ఆకుకు పోతుంది.

8. చెట్టు మొదట్లో కొత్త పిలకలు లేస్తే పారేయకుండా వేరుతో సహా తీసి, సంఘం కార్యాలయంలో ఇవ్వండి. వచ్చే ఏడాది మరొక ఇంటికి అందిస్తాం.

బళ్లారి, సోలాపూర్, బరంపురం, యానాంలలోని మన సంఘాల వారు కూడా తమ ఊరి నేలకు, నీటికి ఏ పద్ధతి పనిచేసిందో రాసి పంపాలని కోరుతున్నాం. అందిన వివరాలను ఊరి వారీగా ఇదే చోట ప్రచురిస్తాం.